బావగారి బండి మీద రేడియో

కోనసీమలో ఏ ఊళ్ళోనైనా ఫలానా ఇంట్లో దయ్యం తిరుగుతోందని కబురొస్తే, తిరగడం లేదని చెప్పడానికి వెళ్ళేవాణ్ణి నేను. హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. సెలవు రోజుల్లో నలుగురైదుగురు స్నేహితులం కలిసి ఊరూరా తిరిగేవాళ్ళం. నాలిక మీద కర్పూరం వెలిగించి చూపించేవాణ్ణి. నిమ్మకాయ కోస్తే రక్తం ఎందుకు కారుతుందో చెప్పేవాణ్ణి. పసుపు నీళ్ళలో సున్నం కలిపి ఎర్రగా మారుస్తూ, "ఇదేనర్రా మీ చేతబడి" అని పిల్లల్ని నవ్వించేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకెంత సిగ్గుగా ఉందో మీరే ఊహించుకోండి.

ఆ సిగ్గు కూడా ఒక్క రకం కాదు. నా పాత స్నేహితులు చదివితే, వయసు మీదపడి మాస్టారికి మతి పోయిందనుకుంటారు. అనుకోనివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు తెలియనిది తెలియదనే రాస్తాను.

మా అక్క సుభద్రని రాజోలు దగ్గర ఒక పల్లెటూరికి ఇచ్చారు. బావ మస్కట్‌లో చాలా ఏళ్ళు పనిచేసి, తొంభైల చివర్లో ఇక చాలనుకుని వచ్చేశాడు. పిల్లల్లేరు. ఇన్నేళ్ళూ పెళ్ళాన్ని వదిలేసి ఎడారిలో ఉన్నానన్న బాధ కాబోలు, రాగానే బుల్లెట్టు కొన్నాడు. దూరాలు తిరగడానికని దాన్ని ప్రత్యేకంగా తయారు చేయించాడు. ముందు గాలికి అడ్డంగా అద్దం, అద్దం కింద ఫైబరు తొడుగు, వెనక బట్టలకి చెరోపక్కా పెట్టె, అక్క ఒరగడానికి వీపుకి దిండు. ఆ తొడుగు లోపల కార్లకి పెట్టే రేడియో ఒకటి బిగించాడు. అది కూడా మస్కట్ నుంచి తెచ్చిందే. దానికి పాత బ్యాటరీ చాలదని పన్నెండు ఓల్టులది వేయించాడు. వెనక పెట్టె పక్కన గేలం కర్రలా పొడుగ్గా ఏరియల్ ఊగుతూ ఉండేది.

ఆ బండి మీద ఇద్దరూ అరకు వెళ్ళారు, శ్రీశైలం వెళ్ళారు, ఒకసారి పూరీ దాకా వెళ్ళొచ్చారు. నలభై దాటినవాళ్ళకి ఇదేం సరదా అని ఊరు నవ్వింది. నేనూ నవ్వాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన బావ మళ్ళీ లేవలేదు.

అక్క ఏడవలేదు. మాట్లాడటం మానేసింది. మా అక్క ఎలాంటిదంటే, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో దిగేలోపు చుట్టరికం కలిపేసే మనిషి. వంట చేస్తూ మాట్లాడుతుంది, జడ అల్లుకుంటూ మాట్లాడుతుంది, నిద్దట్లో కూడా ఎవరికో ఏదో చెబుతూ ఉండేది. అలాంటిది, కంచం ముందు పెడితే దానివంక చూస్తూ కూర్చునేది. ఎవరో ఒకరు తీసేసేదాకా అలాగే ఉండేది. అమలాపురం తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాం.

"ఒంట్లో జబ్బేం లేదండి. కాస్త బయట తిప్పండి, మాట్లాడించండి. ఇలా తినకుండా ఉంటే మాత్రం మనిషి దక్కదండి," అన్నారాయన.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషి పోయి పెద్దకార్యం అయ్యాక, పుట్టింటివాళ్ళు వచ్చి ఆడపిల్లని తీసుకెళ్ళి ఒక రాత్రి తమ ఇంట్లో నిద్ర చేయిస్తారు. ఆ గడప దాటిస్తే దుఃఖం కాస్త కదులుతుందని. మా ఇల్లు పలివెలలో. నేను టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాను. అక్క బయటికి వచ్చింది గానీ టాక్సీ వంక చూడలేదు. నేరుగా పాక కిందికి వెళ్ళి బావ బండి పక్కన నిలబడింది.

"ఇదేం చోద్యమమ్మా! నిన్నగాక మొన్న పెద్దకార్యం అయ్యింది, బండెక్కి ఊరేగుతావా?" అన్నారు వాళ్ళ అత్తగారు. "నువ్వైనా చెప్పు బాబూ, నలుగురూ ఏమనుకుంటారు?"

అత్తయ్యగారు చెడ్డమనిషి కాదు. కొడుకు పోయిన తల్లి. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గేసింది. బొట్టు తీసేసిన అక్కని అంత ఆర్భాటం బండి మీద ఎక్కించుకుని రాజోలు నుంచి పలివెల దాకా వెళ్ళడమా! కానీ అక్క కదల్లేదు. చివరికి అత్తయ్యగారే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "బండి కూడా మీ దగ్గరే ఉంచు బాబూ. ఇక్కడ చూడలేకపోతున్నాను," అన్నారు.

పి.గన్నవరం అక్విడక్టు వంతెన దగ్గర ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చి ఆగాల్సొచ్చింది. వెనకా ముందూ జనం. ఆ బండి నాకు కొత్త. హారననుకుని తొడుగు మీదున్న గుండ్రటి మీట ఒకటి తిప్పాను. అంతే, సినిమా పాట! ఏదో హుషారు పాట, డోలు దెబ్బలతో సహా, ఆ చుట్టుపక్కలంతా మోగిపోయింది. సైకిళ్ళ మీద పోతున్నవాళ్ళు దిగి మరీ చూశారు. లారీ మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూసి, నా వెనకున్న మనిషిని చూసి, మొహాలు తిప్పుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎటు తిప్పితే ఆగుతుందో తెలియక కంగారులో తిప్పేసరికి గోల ఇంకా పెరిగింది.

నా భుజం మీద చెయ్యి పడింది.

"ఉండనీరా," అంది అక్క.

బావ పోయాక మా అక్క నోట నేను విన్న మొదటి మాట అది. ఆ పూట ఇంటికొచ్చాక మా ఆవిడ పెట్టిన అన్నం నాలుగు ముద్దలు తింది. నాకింకేం కావాలి? నిద్ర ఒక్క రాత్రిదే అయినా, కొన్నాళ్ళు ఉండనివ్వండని అత్తయ్యగారికి కబురు పంపాను. రోజూ సాయంత్రం అక్కని బండెక్కించి పాటలు వినిపిస్తే చాలు, మనిషి దారిలో పడుతుందని తీర్మానించుకున్నాను.

మర్నాడు స్కూలుకి అదే బండి మీద వెళ్తూ రేడియో పెట్టాను. గరగర తప్ప ఏమీ లేదు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పాను. విజయవాడ లేదు, విశాఖపట్నం లేదు. కాగిన నూనెలో అప్పడం వేసినట్టు ఒకటే చిటపట.

ఇక్కడ కాస్త వివరంగా రాయాలి. ఎందుకంటే, "సరిగ్గా చూసి ఉండవులే" అనేవాళ్ళుంటారు. బండి మీద రేడియో రాకపోతే అనుమానించాల్సినవి పెద్ద ఎక్కువేం ఉండవు. మొదట ప్లగ్గు. ఇంజన్లో నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా రేడియోలో టక్కుమంటుంది. బండి వేగం పెంచితే టకటకలూ పెరుగుతాయి. దానికని రెసిస్టెన్సు ఉన్న ప్లగ్గు క్యాపు రాజమండ్రి నుంచి తెప్పించి వేశాను. టకటకలు పోయాయి, గరగర పోలేదు. ఇంజను ఆపేసి, ఒక్క బ్యాటరీ మీద పెట్టి చూశాను. అదే గరగర. అంటే తప్పు ఇంజనుది కాదు.

తరవాత ఎర్తు. మా ఉప్పుగాలికి తుప్పు పట్టని ఇనుమంటూ ఉందా? ఏరియల్ బిగించిన చోట రంగు గీకి, తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త వైరు వేశాను. ఏరియల్ అడుగున విప్పి మీటరు పెట్టి చూశాను. అక్కడేం లోపం లేదు. అక్కణ్ణుంచి దాని తీగ సీటు కిందగా వెళ్ళి తొడుగులోకి దూరుతుంది. రేడియో ఉన్న డబ్బాని మాత్రం విప్పలేదు. వాన నీళ్ళు దిగకుండా బావ దాని మూత చుట్టూ సీలు ముద్ద పెట్టి మూసేశాడు. ఆ ముద్ద మీద ఆయన వేళ్ళ గుర్తులు కూడా కనబడుతున్నాయి. నేను స్క్రూడ్రైవరు ఆనించబోతే, అరుగు మీద కూర్చున్న అక్క చూసింది.

"అది తియ్యకురా. ఆయన చేత్తో మూసింది," అంది.

తియ్యనక్కా అని మాటిచ్చాను.

ఎర్తు వేసిన సాయంత్రం అక్కని ఎక్కించుకుని కొత్తపేట వైపు వెళ్ళాను. మీట తిప్పగానే విజయవాడ కంచుగంటలా పలికింది. వార్తలు చదివే ఆవిడ ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. "చూశావా, ఎర్తేనక్కా!" అని గొప్పలు పోయాను. తరవాత పాట వచ్చినప్పుడు అక్క నా భుజం మీద వేళ్ళతో తాళం వేసింది. పెసరట్టు తింటావా అంటే తలూపింది. మర్నాడు స్కూలుకి ఒక్కణ్ణీ వెళ్తే మళ్ళీ గరగర.

సాయంత్రం అక్కతో వెళ్తే పాట. పొద్దున్న నేనొక్కణ్ణే వెళ్తే గరగర. అదే రోడ్డు, అదే స్టేషను. ఒక ఆదివారం రెండూ పొద్దున్నే చేసి చూశాను. అదే వరస.

నాకేం భయమెయ్యలేదు. పైగా సరదా పుట్టింది. వెనక మనిషి కూర్చుంటే స్ప్రింగులు కుంగుతాయి, లోపల ఎక్కడో తెగిన తీగ అతుక్కుంటుంది. లేకపోతే మనిషి ఒళ్ళే ఏరియల్‌లా పనిచేస్తుంది. రేడియోని చేత్తో పట్టుకుంటే బాగా రావడం, వదిలేస్తే పోవడం మీరూ చూసే ఉంటారు. ఇందులో వింతేముంది! ఇలా అనుకుని మా స్కూల్లో డ్రిల్లు మాస్టరు సూర్యారావుగారిని వెనక ఎక్కించుకున్నాను. ఆయన మా అక్కకి రెండింతలుంటారు. గరగర.

"నన్ను చూసి పాడనంటుందేమోనండి," అన్నారాయన, సీటు సర్దుకుంటూ.

మా ఆవిణ్ణి ఎక్కించాను. అక్క కూర్చున్నట్టే ఒక పక్కకి కూర్చోబెట్టి, అక్క పట్టుకున్నట్టే నా భుజం పట్టుకోమన్నాను. గరగర. దాంతో నాకు పంతం వచ్చింది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం ఉప్పునీళ్ళే కదా. కొబ్బరిబొండంలో ఉన్నదీ దాదాపు అదేనని నా లెక్క. బొండాలు గెలలుగా కొని, అక్క బరువుకి సరిపడా కాటా వేయించి, వెనక సీటు మీద తాళ్ళతో కట్టి ఊరంతా తిరిగాను. మీరు నవ్వండి, పర్లేదు. ఊరంతా నవ్వింది. కాలవగట్టు మీద ఎవరో, "మాస్టారు బొండాలకి పాటలు వినిపిస్తున్నారండోయ్!" అని కేకేశారు. ఇది పరిశోధన, మీకేం తెలుసు అన్నట్టు నేను చెయ్యి ఊపాను. బొండాలతోనూ గరగరే. వాటిని దింపి, అక్కని పిలిచి ఎక్కించాను. పాట.

సూర్యారావుగారు మంచి మనిషే, కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఊళ్ళో కథ తయారైపోయింది. ఆ బండి మీద మా బావ తిరుగుతున్నాడట, పెళ్ళాం ఎక్కితేనే పాట పెడుతున్నాడట. పెద్దకార్యం చేసినా కదలని ఆత్మట. కథ అక్విడక్టు దాటి రాజోలు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకరోజు అత్తయ్యగారు మా గుమ్మం ముందు ఆటో దిగారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మావాడికి విముక్తి లేదంటున్నారు బాబూ. అమ్మాయిని వదలకుండా తిరుగుతున్నాడంట. మా వైపు మంత్రం వేసే ఒకాయన చూసేరు. అమ్మాయిని తీసుకురమ్మన్నారు, దిగదీసి తాయెత్తు కడతారంట. బండి గోదాట్లో కలిపెయ్యమన్నారు," అన్నారు.

అక్క వంటింటి గుమ్మం వెనకనుంచి వింటోంది.

ఆ దిగదీయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చాలా చోట్ల చూశాను. వేపమండలు పెట్టి బాదుతారు, మిరపకాయల పొగ పెడతారు. ఒంట్లో ఓపిక లేని మా అక్క దానికి తట్టుకోలేదు. ఒకవేళ తట్టుకున్నా, ఆ బండి కాస్తా పోతే మళ్ళీ కంచం వంక చూస్తూ కూర్చుంటుంది. ఈ నెలలో తిన్న నాలుగు మెతుకులూ ఆ బండి పుణ్యమే.

"అత్తయ్యగారండీ, ఈ ఆదివారం దాకా ఆగండి. దయ్యం లేదు, ఆత్మా లేదు. ఎక్కడో తీగ లూజు. అందరి ముందూ పెట్టి చూపిస్తాను. చూశాక మీరెలా చెబితే అలాగే," అన్నాను.

"ఆయ్. అలాగే బాబూ," అన్నారావిడ. తరవాత కొంగుతో మొహం తుడుచుకుంటూ, "నాకూ లేడనే వినాలనుంది," అన్నారు.

అక్కని మాత్రం అడగలేదు. ఆవిడ కోసమే కదా చేస్తున్నాను, అడిగేదేముందనుకున్నాను. ఎన్నో ఊళ్ళలో చేసినవాణ్ణి, మా ఊళ్ళో చెయ్యలేనా అన్న గర్వం కూడా ఉంది. లేదంటే అబద్ధం.

ఆదివారం పొద్దున్న స్కూలు ఆవరణలో బండి నిలబెట్టాను. బల్ల మీద మీటరు, స్క్రూడ్రైవర్లు, కటింగు ప్లయరు పేర్చాను. ఊరు ఊరంతా వచ్చింది. చర్చి వదిలాక ఇళ్ళకి పోతున్నవాళ్ళు బైబిళ్ళు చేత్తో పట్టుకునే ఆగిపోయారు. సూర్యారావుగారు ఈల ఊదుతూ జనాన్ని వెనక్కి నెట్టారు. అత్తయ్యగారికి కుర్చీ వేయించాను. నాకు అలవాటైన ఉపన్యాసం మొదలుపెట్టాను. రేడియో అంటే ఏమిటి, ఏరియల్ అంటే ఏమిటి, మూఢనమ్మకం మనిషినెలా తినేస్తుంది. చప్పట్లు కూడా కొట్టారు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి వెనక సీటు మీద కూర్చోబెట్టాను. గరగర, గరగర, గరగర.

"ఇప్పుడు మా అక్కగారు వస్తారు," అన్నాను.

అక్క తల మీద కొంగు కప్పుకుని వచ్చింది. జనం దారిచ్చారు. దారిచ్చారనకూడదు, తప్పుకున్నారు. ఒకావిడ తన పిల్లని వెనక్కి లాక్కుని పొట్టలో దాచుకుంది. అక్క అది చూసింది. నేనూ చూశాను. చూసి కూడా, "రా అక్కా, కూర్చో" అన్నాను. ఎగ్జిబిషన్లో బొమ్మలా మా అక్కని అంతమంది ముందు కూర్చోబెట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మీట తిప్పాను. వరి పైరుకి వచ్చే తెగుళ్ళ గురించి ఎవరో ఆఫీసరుగారు మాట్లాడుతున్నారు. ఒక్క చిటపట లేదు. ఎదురుగా నిలబడి చెబుతున్నట్టుంది.

జనంలోంచి "ఓ" అని ఒక శబ్దం లేచింది. ఇద్దరు ముగ్గురు చేతులు జోడించారు. అత్తయ్యగారు కుర్చీలోంచి లేచి, బండి వైపు రెండు చేతులూ చాపి, "నాయనా, వచ్చేవా!" అని బావురుమన్నారు.

లేదని చూపించడానికి పిలిచి, ఉందని చూపించినట్టయింది కదా! "ఆగండి, ఆగండి! లూజు కనెక్షను! ఇప్పుడే చూపిస్తాను!" అని అరిచి స్క్రూడ్రైవరు తీసుకుని డబ్బా సీలు పొడిచాను.

"వద్దురా," అంది అక్క.

విన్నాను. విని కూడా ఆగలేదు. బావ వేళ్ళ గుర్తులున్న ఆ ముద్ద పెళ్ళలుగా ఊడి నా చెప్పుల మీద పడింది. అక్క బండి మీదే కూర్చుని ఉంది. రేడియో దాని మానాన అది చెబుతూనే ఉంది. మూత తీసి లోపలికి చూశాను.

బ్యాటరీ తీగలు రెండు ఉన్నాయి. స్పీకరు తీగలు ఉన్నాయి. ఏరియల్ తీగ మాత్రం రేడియోకి పెట్టి లేదు. దాని కొస నల్ల టేపుతో శుభ్రంగా చుట్టి, చుట్టలా మడిచి, దారంతో పక్క బద్దకి కట్టేసి ఉంది. అది దూరాల్సిన కన్నంలో, తీగలు వచ్చే సందులోంచి దూరి కాబోలు, కుమ్మరి పురుగు మట్టిగూడు పెట్టుకుంది. గూడు ఎండిపోయి రాయిలా ఉంది. ఎప్పటిదో. గోటితో గీరాను, ఊడలేదు. అంటే ఆ రేడియోకి ఏరియలే లేదు. నేను ఎర్తులూ ప్లగ్గులూ మార్చిన ఇన్నాళ్ళలో ఏనాడూ లేదు. కానీ అది నా మొహం ముందు, ఏ మందు ఎంత చల్లాలో చక్కగా చెబుతోంది.

సూర్యారావుగారు వంగి చూశారు. "ఇది పెట్టలేదేంటండీ?" అన్నారు మెల్లగా.

ఆ తీగ చుట్ట చేత్తో పట్టుకుని అక్కవైపు తిరిగాను. "ఇదెవరు తీసేశారక్కా?"

అక్క చెయ్యి చాపి ఆ టేపుని వేలితో తడిమింది. తరవాత చెప్పింది. అంతమంది ఉన్నారన్న ధ్యాసే లేకుండా చెప్పింది.

"మీ బావేరా. అరకు వెళ్ళినప్పుడు. నాకు పాటలిష్టమని పెట్టించేరు కదా, పెట్టుకుని బయల్దేరేం. నా సంగతి తెలుసుగా నీకు, పాట పాడుతుంటే పాడుతోందని ఊరుకుంటానా! వెనక కూర్చుని వాగుతూనే ఉన్నాను. ఘాటీ ఎక్కేచోట బండి పక్కకి ఆపేసేరు. నీ మాట సరిగ్గా వినపడ్డం లేదే అన్నేరు. ఇది పీకేసి అలా కట్టేసేరు. మళ్ళీ పెట్టమని నేను అడుగుతానని, ఇంటికొచ్చేక సీలు కూడా ఏసేసేరు. పాటలు ఎక్కడైనా వినొచ్చు, నువ్వు చెప్పు, అన్నేరు. శ్రీశైలం నేను చెబుతూనే వెళ్ళేం. పూరీ నేను చెబుతూనే వెళ్ళేం. ఊ కొడుతూ తోలేవారు. మెడ మీద చెమట పట్టేది, నేనే కొంగుతో తుడిచేదాన్ని..."

బావ పోయాక అక్క అంతసేపు మాట్లాడటం అదే మొదలు. తీగ ఇంకా నా చేతిలోనే ఉంది.

"అయితే ఇది లేదని నీకు ముందే తెలుసా?"

"ఆయ్. అక్విడక్టు దగ్గర పాట వచ్చినప్పుడే తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం అక్కా?"

"చెప్తే నువ్వు బాగుచేసేస్తావు కదరా," అంది.

నిలబడ్డచోటే కుంగిపోతే బాగుండుననిపించింది. అప్పుడు సూర్యారావుగారు నా మోచెయ్యి తట్టి, "మాస్టారూ, రేడియో వినండి," అన్నారు. ఆఫీసరుగారి గొంతు లేదు. గరగర. అక్క మాట్లాడుతుండగా ఎప్పుడో పోయింది. ఎప్పుడు పోయిందో మాలో ఎవరూ గమనించలేదు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అక్క సీటు మీదనుంచి కదల్లేదు. బ్యాటరీ నిండుగా ఉంది, అక్కడికక్కడే మీటరు పెట్టి చూశాను.

జనం నవ్వలేదు, అరవలేదు. చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు. నాకదే ఎక్కువ బాధనిపించింది. అత్తయ్యగారు వచ్చి కోడలి తల మీద కొంగు సర్దారు. "తాయెత్తూ వద్దు, ఏం వద్దు. నువ్వు మాట్లాడమ్మా. వాడికి నీ మాటంటేనే ఇష్టం," అన్నారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. బావ పోయాక అక్క ఏడవడం కూడా అప్పుడే. ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళు మా ఇంట్లో పక్కపక్కన కూర్చుని భోంచేశారు. అక్క మజ్జిగన్నం మారు అడిగింది.

సోమవారం క్లాసులో పిల్లలు అడిగారు, "ఏం కనిపెట్టేరండీ?" అని. తెలియనిది తెలియదని చెప్పడమే సైన్సు అని వాళ్ళకి నేర్పినవాణ్ణి నేనే. ఆ రోజు వాళ్ళ కళ్ళలోకి చూడలేక బోర్డు వైపు తిరిగి, "ఎర్తు ప్రాబ్లమర్రా," అన్నాను. తరవాత చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ, కర్పూరం వెలిగించే ప్రదర్శనలకి మాత్రం వెళ్ళలేకపోయాను. స్నేహితులు అడిగితే నడుం నొప్పని చెప్పేవాణ్ణి.

మట్టిగూడు గీకి, ఏరియల్ తీగ రేడియోకి పెట్టాను. ఇప్పుడు ఎవరు ఎక్కినా విజయవాడ చక్కగా వస్తుంది. నాకూ వస్తుంది, సూర్యారావుగారికీ వస్తుంది. తీగ లేకుండా ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళని చాలామందిని అడిగాను, కథ చెప్పకుండా. దగ్గర్లో పెద్ద స్టేషనుంటే తీగ లేకపోయినా ఒక్కోసారి పలుకుతుందన్నారు. మాకు దగ్గర్లో స్టేషనేదీ లేదు. ఉన్నా, ఒక్క మనిషికే ఎందుకు పలికింది? ఆ మనిషి నోరు విప్పాక ఎందుకు ఆగింది? నాకు తెలియదు. ఇప్పుడీ మాట పిల్లలకి చెప్పాలని ఉంది, కానీ వాళ్ళంతా పెద్దవాళ్ళయిపోయారు.

అక్క ఇప్పటికీ మా ఇంటికి వచ్చినప్పుడు ఆ బండే ఎక్కుతుంది. కూర్చోగానే "రేడియో ఆపెయ్యరా" అంటుంది. ఇక మొదలుపెడుతుంది. పక్కింటి గేదె ఈనిన సంగతి, అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు, మస్కట్ నుంచి ఎవరొచ్చేరు, ఏం తెచ్చేరు. మొదట్లో నాతోనే మాట్లాడుతోందనుకున్నాను. మధ్యమధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది. ఊ కొడదామని నేను నోరు తెరిచేలోపే, ఎవరో ఊ కొట్టినట్టు, మళ్ళీ అందుకుంటుంది.